ఐదు అక్షాల సి.ఎన్.సి. రూటరు (ఔత్సాహిక యంత్రాలు)

ఐదు అక్షాల సి.ఎన్.సి. రూటరు అనగా కంప్యూటరు ఆదేశాల ప్రకారం కదులుతూ కలప, ప్లాస్టిక్కు, అల్యూమినియం వంటి పదార్థాలను చెక్కే యంత్రాలలో ఒక రకం. సాధారణ రూటరులో పనిముట్టు మూడు దిశలలో మాత్రమే కదులుతుంది: కుడి ఎడమలకు, ముందు వెనుకలకు, పైకి కిందికి. ఐదు అక్షాల రూటరులో ఈ మూడింటికి తోడు రెండు భ్రమణ చలనాలు కూడా ఉంటాయి. అందువలన పనిముట్టును వస్తువు ఉపరితలానికి కావలసిన కోణంలో వంచి పట్టడం సాధ్యమవుతుంది. టర్బైను ఆకులు, ఓడల ప్రొపెల్లర్లు, విమాన భాగాలు తయారయ్యే పెద్ద కర్మాగారాలలో ఇటువంటి యంత్రాలు చాలాకాలంగా ఉన్నాయి. ఇంటివద్దనో, చిన్న వడ్రంగి దుకాణంలోనో సొంతంగా కూర్చుకున్న రూటర్లకు ఈ సామర్థ్యాన్ని జోడించే ప్రయత్నాలు 2000 తరువాతి కాలంలో మొదలై, చవక నియంత్రకాలు వచ్చిన కొద్దీ పెరిగాయి. రెండు మోటార్లు అదనంగా బిగిస్తే పని పూర్తయినట్లేనని తొలిచూపులో అనిపిస్తుంది గాని, అసలు ఇబ్బందులు మోటార్లు బిగించిన తరువాతనే మొదలవుతాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఇబ్బందులను వివరిస్తుంది.

అక్షాలు, వాటి పేర్లు

మూడు సరళరేఖా అక్షాలను ఎక్స్, వై, జడ్ అని పిలుస్తారు. ఎక్స్ అక్షం చుట్టూ జరిగే భ్రమణాన్ని ఎ అనీ, వై చుట్టూ జరిగేదాన్ని బి అనీ, జడ్ చుట్టూ జరిగేదాన్ని సి అనీ అంటారు. కుడిచేతి బొటనవేలిని అక్షం యొక్క ధన దిశలో చాచినప్పుడు మిగిలిన వేళ్ళు ముడుచుకొనే దిశను భ్రమణానికి ధన దిశగా తీసుకుంటారు.

భ్రమణాలు మూడు ఉండగా రెండే ఎందుకు చాలుననే ప్రశ్న విద్యార్థులకు సహజంగా కలుగుతుంది. నల్లబల్ల మీద సుద్దముక్కను ఆనించి పట్టుకున్నారనుకుందాం. దాని కొన ఎక్కడ ఉన్నదో చెప్పడానికి మూడు సంఖ్యలు కావాలి. అది ఏ వైపుకు, ఎంత వాలి ఉన్నదో చెప్పడానికి మరి రెండు సంఖ్యలు కావాలి. సుద్దముక్కను వేళ్ళ మధ్య దొర్లించినా గీతలో మార్పేమీ ఉండదు. రూటరు పనిముట్టు కూడా అంతే. అది ఎలాగూ తన అక్షం చుట్టూ నిమిషానికి వేలసార్లు తిరుగుతూనే ఉంటుంది కనుక ఆరవ సంఖ్యతో పని లేదు.

ఐదు అక్షాలు ఉన్న యంత్రాన్ని రెండు విధాలుగా వాడవచ్చు. భ్రమణ అక్షాలను ఒక కోణానికి తిప్పి, అక్కడ బిగించి, ఆ తరువాత మూడు అక్షాలతో మామూలుగా చెక్కడం మొదటి పద్ధతి. దీనిని 'మూడు కూడిక రెండు' పద్ధతి అంటారు. ఐదు అక్షాలూ ఒకేసారి కదులుతూ చెక్కడం రెండవది. ఔత్సాహికులు కోరుకునేది సాధారణంగా రెండవ దానినే. అయితే వారికి నిజంగా అవసరమైన పనులలో చాలా భాగం మొదటి దానితోనే నెరవేరుతుంది.

చరిత్ర

సంఖ్యాత్మక నియంత్రణకు మూలం అమెరికాలో హెలికాప్టరు రెక్కల తయారీకై జాన్ పార్సన్స్, ఫ్రాంక్ స్టూలెన్ చేసిన కృషి. 1949లో అమెరికా వైమానిక దళం ఇచ్చిన కాంట్రాక్టుతో ఈ పని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.) వరకు వెళ్ళింది. 1952లో అక్కడి సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల చిల్లులు పొడిచిన కాగితపు టేపుతో నడిచే మూడు అక్షాల మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించింది. నేటికీ వాడుకలో ఉన్న జి-కోడ్ ఆ టేపుల కాలపు వారసత్వమే.

ఔత్సాహికుల చేతికి ఈ విద్య అందడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. 1990లలో రూపొందించిన ఇ.ఎం.సి. అనే నియంత్రక సాఫ్టువేరు ముఖ్య కారణం. ప్రభుత్వ సంస్థ తయారుచేసినది కావటాన అది అందరికీ ఉచితంగా దొరికింది. స్వచ్ఛంద కార్యకర్తలు దానిని ఇ.ఎం.సి.2గా అభివృద్ధి చేశారు. అదే పేరు గల ఒక వ్యాపార సంస్థ అభ్యంతరం కారణంగా తరువాత దాని పేరు లినక్స్ సి.ఎన్.సి.గా మారింది. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ ఆర్డుయినో బోర్డు మీద నడిచే జి.ఆర్.బి.ఎల్. అనే చిన్న నియంత్రకాన్ని వెలువరించాడు. 2011లో వచ్చిన షేప్‌ఓకో వంటి చవక రూటర్లు దాని ఆధారంగా వ్యాపించాయి. ఇవన్నీ మూడు అక్షాల యంత్రాలే. 2015లో పాకెట్ ఎన్.సి. అనే అమెరికా సంస్థ ప్రజల నుండి ముందస్తు చందాలు సేకరించి బల్ల మీద పట్టే ఐదు అక్షాల చిన్న మిల్లింగు యంత్రాన్ని తెచ్చింది. దానిలోని నియంత్రకం కూడా లినక్స్ సి.ఎన్.సి. నుండి పుట్టిన శాఖయే.

గోదావరి డెల్టా కలప పనిలో అక్షాల ప్రశ్న

పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లు, నరసాపురం, భీమవరం వంటి పట్టణాలలో కలప మీద నగిషీ పనికి ఎప్పుడూ గిరాకీ ఉన్నది. ఇంటి సింహద్వారానికి టేకు తలుపు, దాని మీద లతలు, నెమళ్ళు, గజలక్ష్మి, పూజగదికి గంటలు వేలాడే తలుపులు చేయించుకోవడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. ఉలితో రోజుల తరబడి చెక్కే ఈ పని క్రమంగా సి.ఎన్.సి. రూటర్లకు మారింది. తలుపు రెక్క మీది చెక్కడం పైనుండి చూసినప్పుడు పూర్తిగా కనిపించే ఉబ్బెత్తు చిత్రం. ఏ బిందువు మీదనైనా పనిముట్టు నిట్టనిలువుగా దిగగలదు. అందుచేత ఈ పనికి మూడు అక్షాలు చాలు. వాడుకలో దీనిని 'త్రీడీ' అంటున్నారు గాని ఇది నిజానికి బొమ్మకు వీపు లేని శిల్పం.

వీపు ఉన్న వస్తువు దగ్గరే చిక్కు వస్తుంది. నాలుగు వైపులా చెక్కిన విగ్రహంలో చేతికీ నడుముకూ మధ్య ఖాళీ ఉంటుంది. చెవి వెనుక గుంట ఉంటుంది. పైనుండి దిగే పనిముట్టుకు ఇవి అందవు. బొబ్బిలి వీణను పనస కలపతో చేస్తారు. దాని కుండను లోపల తొలచడం, యాళిముఖాన్ని చెక్కడం ఇటువంటి పనులే. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో లేతు మీద చేసేవి కనుక వాటికి ఒక భ్రమణ అక్షం చాలు. కొండపల్లి బొమ్మలవారు ఈ చిక్కును మరొక దారిలో తప్పించుకున్నారు. తెల్ల పొణికి కర్రతో చేతులు, తల, మొండెం వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతుకుతారు. ఏ ముక్కకు ఆ ముక్క సులభంగా ఉండేలా వస్తువును విడగొట్టడమనే ఈ ఉపాయం నేటి రూటరు వాడకందార్లకు కూడా బాగా పనికివస్తుంది.

ఐదు అక్షాల సమస్యను ఈ ప్రాంతపు వడ్రంగులు యంత్రాలకు ఎంతో ముందే ఎదుర్కొన్నారనడానికి ఓడల నిర్మాణం నిదర్శనం. పాలకొల్లులో డచ్చివారి వర్తక స్థావరం ఉన్న 17వ శతాబ్దంలో, దానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని నరసాపురం, పక్కనున్న మాధవాయిపాలెం ఓడలు కట్టడానికి పేరుపొందాయి. ఓడ పక్కటెముక వంటి వంపు దుంగ అంచు ఒకే కోణంలో ఉండదు. ఓడ మధ్యలో దాదాపు మూలమట్టంగా ఉండి, కొనవైపు వెళ్ళిన కొద్దీ పలకల వాలును అనుసరించి ఏటవాలు మారుతూ పోతుంది. వడ్రంగి బాడిసను ఒక్కొక్క జానెడుకు ఒక్కొక్క వాలులో పట్టి చెక్కాలి. స్థానంతో పాటు పనిముట్టు కోణం కూడా ఎడతెగక మారడమే ఐదు అక్షాల చెక్కడం.

నిర్మాణ రీతులు

రెండు భ్రమణాలను ఎక్కడ అమర్చాలనే దానిని బట్టి మూడు రీతులున్నాయి. మొదటిదానిలో రెండు భ్రమణాలూ వస్తువుకే ఇస్తారు. ఊయలలా అటూ ఇటూ వాలే చట్రం, దానిలో గుండ్రంగా తిరిగే చిన్న బల్ల ఉంటాయి. దీనిని ట్రనియన్ అంటారు. రెండవదానిలో స్పిండిలు ఒక దిశలో వాలుతుంది, బల్ల తిరుగుతుంది. మూడవదానిలో రెండు భ్రమణాలూ స్పిండిలు తలలోనే ఉంటాయి, వస్తువు కదలదు.

ఔత్సాహికులు ఎక్కువగా ట్రనియన్‌ను ఎంచుకుంటారు. ఉన్న రూటరు బల్ల మీద దానిని తెచ్చి బిగించవచ్చు, అవసరం తీరాక తీసివేయవచ్చు. అయితే దానిలో పిడికెడు వస్తువును తప్ప పెద్దదానిని తిప్పలేము. తలుపు రెక్క, కుర్చీ వెనుక భాగం, విగ్రహానికి అచ్చు వంటి పెద్ద వస్తువులకు మూడవ రీతి తప్ప గత్యంతరం లేదు. కానీ దానిలో బరువంతా కదిలే తల మీదనే పడుతుంది. నీటితో చల్లబడే 2.2 కిలోవాట్ల స్పిండిలు ఒక్కటే సుమారు 5 కిలోలు తూగుతుంది. దానికి రెండు మోటార్లు, గేర్లు, బ్రాకెట్లు కలిస్తే సన్నని గ్యాంట్రీ మోయగలిగే బరువు దాటిపోతుంది. విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు మెలిపడకుండా తల ఎన్ని చుట్లు తిరగవచ్చో కూడా ముందే నిర్ణయించుకోవాలి.

యాంత్రికమైన ఇబ్బందులు

మొదటి అడ్డంకి ఎత్తు. పలకలు కోయడానికి తయారైన రూటరులో గ్యాంట్రీ కింద ఖాళీ తరచుగా 100 మిల్లీమీటర్లకు మించదు. 150 మిల్లీమీటర్ల వెడల్పు గల బల్లను 90 డిగ్రీలు వాల్చాలంటే ఇరుసుకు పైన 75, కింద 75 మిల్లీమీటర్ల చోటు కావాలి. దాని పైన వస్తువు, ఆపైన పనిముట్టు పొడవు ఉంటాయి. అందువలన గ్యాంట్రీని ఎత్తు చేయవలసి వస్తుంది. ఎత్తు పెంచితే ఊగిసలాట పెరుగుతుంది. ఒక చివర బిగించిన కడ్డీ రెండవ చివర వంగే మొత్తం దాని పొడవు ఘనానికి అనుపాతంలో ఉంటుందని పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. అనగా పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలు. వస్తువు వెనుక వైపును అందుకోవడానికి పొడవాటి పనిముట్టు వాడినప్పుడూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

రెండవది భ్రమణ అక్షాలలోని వదులు. మెకానిక్కులు దీనిని 'ప్లే' అంటారు. సరళరేఖా అక్షంలో 0.1 మిల్లీమీటరు వదులు ఉంటే పని మీద పడే తప్పు కూడా అంతే. భ్రమణ అక్షంలో అలా కాదు. కోణంలోని తప్పు ఇరుసు నుండి దూరం పెరిగిన కొద్దీ పెరుగుతుంది. చవకగా దొరికే వార్మ్ గేరు తిరుగుడు బల్లలో 0.2 డిగ్రీల వదులు ఉన్నదనుకుంటే, ఇరుసుకు 150 మిల్లీమీటర్ల దూరంలో అది అర మిల్లీమీటరు దాటుతుంది. పైగా చెక్కుడు ఒత్తిడి దిశ మారినప్పుడల్లా బల్ల ఈ వదులులో అటూ ఇటూ కొట్టుకొని, చెక్క మీద అలలు పడతాయి.

మోటారు బలం కూడా చూడాలి. 100 మిల్లీమీటర్ల దూరంలో 50 న్యూటన్ల బలం పడితే ఇరుసు మీద 5 న్యూటన్-మీటర్ల టార్క్ వస్తుంది. ఔత్సాహికులు వాడే నీమా 23 పరిమాణపు స్టెప్పరు మోటార్లలో చాలావాటి నిలుపుదల టార్క్ 1 నుండి 3 న్యూటన్-మీటర్ల మధ్య ఉంటుంది. మోటారును నేరుగా బిగిస్తే ఒక్కొక్క అడుగు 1.8 డిగ్రీలు, అనగా ఆ దూరంలో 3 మిల్లీమీటర్లకు పైగా అవుతుంది. కనుక గేరు తప్పదు. 40కి 1 నిష్పత్తి గల వార్మ్ గేరుతో అడుగు 0.08 మిల్లీమీటరుకు తగ్గుతుంది. బలం పెరుగుతుంది. కానీ వదులు వచ్చి చేరుతుంది. దాదాపు వదులు లేని గేరు కావాలంటే 1957లో వాల్టన్ మస్సర్ కనిపెట్టిన హార్మోనిక్ డ్రైవు ఉన్నది. కొత్తది ఖరీదైనది కావటాన చాలామంది పాత రోబోట్ల నుండి తీసినవాటిని కొని వాడతారు. రెండు దశల పళ్ళ బెల్టు మరొక మార్గం. దానిలో వదులు తక్కువ, సాగుడు ఎక్కువ.

అమరిక ఈ అన్నింటికన్నా ఓపికను పరీక్షించే పని. మూడు అక్షాల రూటరులో మూలమట్టం, డయలు గేజి ఉంటే ఒక మధ్యాహ్నంలో సరిచూసుకోవచ్చు. ఐదు అక్షాలకు వచ్చేసరికి రెండు ఇరుసులు ఒకదానికొకటి లంబంగా ఉన్నాయా, ఒకే బిందువు వద్ద కలుస్తున్నాయా, కలవకపోతే ఎంత ఎడం ఉన్నది, ఆ ఇరుసులు ఎక్స్, వైలకు సమాంతరంగా ఉన్నాయా అనే కొలతలన్నీ తీయాలి. ఇరుసు మధ్యబిందువు గాలిలో ఉండే బిందువు. దానిని స్కేలుతో తాకలేము. తిప్పి రెండు వైపులా కొలిచి, సగటు తీసి లెక్కగట్టాలి. గోదావరి డెల్టా వంటి తేమ ప్రాంతాలలో రూటరు బల్లగా వాడే ఎం.డి.ఎఫ్. పలక వానాకాలంలో ఉబ్బుతుంది కనుక వేసవిలో తీసిన కొలతలు ఆగస్టులో సరిపోకపోవచ్చు. సముద్రపు గాలికి నునుపు పట్టాలు తుప్పు పట్టడం కూడా ఇక్కడివారికి అదనపు బెడద.

గణితపరమైన ఇబ్బందులు

స్పిండిలు వాలే రీతిలో వాలుడు ఇరుసుకూ పనిముట్టు కొనకూ మధ్య దూరాన్ని ఇరుసు పొడవు అంటారు. ఇది 200 మిల్లీమీటర్లనుకుందాం. తలను 30 డిగ్రీలు వాల్చితే కొన పక్కకు 100 మిల్లీమీటర్లు జరిగి, 26.8 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. కొన ఉన్నచోటనే ఉండి కోణం మాత్రమే మారాలంటే ఎక్స్, జడ్ అక్షాలు అదే సమయంలో సరిగ్గా అంతే వ్యతిరేక దిశలో కదలాలి. ఈ సర్దుబాటును నియంత్రకం స్వయంగా చేసుకుంటే దానిని 'పనిముట్టు కొన నియంత్రణ' అంటారు. పరిశ్రమల నియంత్రకాలలో ఇది ప్రత్యేక ఆదేశంగా ఉంటుంది. ఫానుక్ నియంత్రకాలలో జి43.4, హైడెన్‌హైన్ నియంత్రకాలలో ఎం128 అటువంటివి.

ఇరుసు పొడవును కొలవడంలో 1 మిల్లీమీటరు తప్పు జరిగితే, పై ఉదాహరణలో కొన అర మిల్లీమీటరు పక్కకు పోతుంది. పనిముట్టును విప్పి మరల బిగించినప్పుడు అది కాస్త లోపలికో బయటికో ఉంటే ఇరుసు పొడవు మారినట్లే. మూడు అక్షాల రూటరులో ఇటువంటి మార్పుకు జడ్ సున్నాను మరల పెట్టుకుంటే చాలు. ఇక్కడ ప్రతిసారీ పనిముట్టు పొడవును కచ్చితంగా కొలిచి నియంత్రకానికి చెప్పాలి.

కొన నియంత్రణ లేని నియంత్రకాలలో ఈ లెక్కలన్నీ ముందుగానే కంప్యూటరులో చేసి, జి-కోడ్‌లో రాసి పంపుతారు. దీనితో రెండు చిక్కులున్నాయి. వస్తువును బల్ల మీద ఏ చోట బిగించాలో లెక్కలోనే నిర్ణయమై ఉంటుంది. 2 మిల్లీమీటర్లు జరిపి బిగిస్తే మొత్తం జి-కోడ్‌ను మరల తయారు చేయాలి. రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. నియంత్రకం రెండు బిందువుల మధ్య ప్రతి అక్షాన్నీ సమాన వేగంతో నడుపుతుంది. సరళ అక్షాలు గీత మీద పోతుండగా తల వాలుతూ ఉంటుంది కనుక పనిముట్టు కొన సరళరేఖలో కాక చాపంలో పోతుంది. 200 మిల్లీమీటర్ల ఇరుసు పొడవుతో 10 డిగ్రీల వాలును ఒకే అడుగులో వేస్తే కొన 0.76 మిల్లీమీటరు దారి తప్పుతుంది. అదే వాలును ఒక్కొక్క డిగ్రీ చొప్పున పది ముక్కలు చేస్తే తప్పు 0.0076కు, అనగా నూరవ వంతుకు తగ్గుతుంది. అందుకే ఇటువంటి జి-కోడ్ ఫైళ్ళు లక్షల పంక్తులకు పెరుగుతాయి. చిన్న నియంత్రకాలు వాటిని తగినంత వేగంగా చదవలేక తడబడతాయి.

వేగం లెక్క కూడా మారుతుంది. మామూలు జి-కోడ్‌లో వేగం నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లని చెబుతారు. భ్రమణ అక్షానికి మిల్లీమీటరు అనే మాటకు అర్థం లేదు. ఇరుసుకు 10 మిల్లీమీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే 0.17 మిల్లీమీటరు, 100 మిల్లీమీటర్ల దూరంలో 1.7 మిల్లీమీటర్లు. సరళ అక్షం 1 మిల్లీమీటరు కదిలే లోపల బల్ల 90 డిగ్రీలు తిరగాలని, వేగం నిమిషానికి 1000 మిల్లీమీటర్లని రాస్తే బల్ల 0.06 సెకనులో పావు చుట్టు తిరగాలి. ఏ వార్మ్ గేరూ అంత వేగంగా తిరగదు. దీనికి పరిష్కారంగా జి93 అనే ఆదేశం ఉన్నది. దానిలో వేగానికి బదులు ప్రతి పంక్తికీ పట్టవలసిన కాలం యొక్క విలోమాన్ని రాస్తారు. అర సెకను పట్టవలసిన కదలికకు ఎఫ్ విలువ 120.

అన్నింటికన్నా విచిత్రమైనది ధ్రువం వద్ద వచ్చే చిక్కు. భూగోళం మీద ఉత్తర ధ్రువం దగ్గర రేఖాంశాలన్నీ ఒక్కచోట కలుస్తాయి. ధ్రువానికి అతి సమీపంలో నిలబడిన మనిషి నాలుగడుగులు వేస్తే అనేక రేఖాంశాలు దాటిపోతాడు. ఐదు అక్షాల యంత్రంలో పనిముట్టు నిట్టనిలువుగా ఉండే స్థితి అటువంటి ధ్రువం. నిలువు నుండి తూర్పుకు 1 డిగ్రీ వాలి ఉన్న పనిముట్టు ఉత్తరానికి 1 డిగ్రీ వాలాలంటే నిజంగా మారవలసిన కోణం 1.4 డిగ్రీలు మాత్రమే. కానీ దానికోసం సి అక్షం 90 డిగ్రీలు తిరగాలి. ఆ కాస్సేపూ పనిముట్టు ఒకేచోట రుద్దుకుంటూ ఉంటుంది కాబట్టి కలప మాడి నల్లని మచ్చ పడుతుంది. వస్తువును కొద్దిగా ఏటవాలుగా బిగించి, చెక్కే దారి ధ్రువం మీదుగా పోకుండా చూడటం అనుభవజ్ఞులు పాటించే ఉపాయం.

నియంత్రకాలు, సాఫ్టువేరు

పాత కంప్యూటర్లలోని ప్యారలల్ పోర్టుకు 12 బయటికి పంపే సంకేతాలు, 5 లోపలికి తీసుకొనే సంకేతాలు ఉంటాయి. ఒక్కొక్క మోటారుకు అడుగు, దిశ అనే రెండు సంకేతాలు కావాలి. ఐదు మోటార్లకు 10 పోగా మిగిలేవి రెండే. వాటితోనే స్పిండిలు, శూన్య పంపు, దుమ్ము యంత్రం నడవాలి. రెండవ పోర్టు గాని, ప్రత్యేక కార్డు గాని చేర్చుకోవడం అందుకే అవసరమైంది. జి.ఆర్.బి.ఎల్. మొదట నడిచిన ఆర్డుయినో ఊనోలో 32 కిలోబైట్ల స్మృతి మాత్రమే ఉన్నది. మూడు అక్షాల లెక్కలతోనే అది దాదాపు నిండిపోతుంది. తరువాత వచ్చిన 32 బిట్ల బోర్డుల మీద నడిచే జి.ఆర్.బి.ఎల్.హెచ్.ఎ.ఎల్., ఫ్లూయిడ్ ఎన్.సి. వంటివి అక్షాల సంఖ్యను పెంచాయి. అయితే ఐదు మోటార్లను తిప్పగలగడం, కొనను నియంత్రించగలగడం ఒకటి కాదన్న సంగతిని కొనుగోలుదారులు తరచుగా పట్టించుకోరు. మాక్3 ఆరు అక్షాలను నడపగలిగినా దానిలో కొన నియంత్రణ లేదు. ఔత్సాహికులకు ఉచితంగా ఆ సౌకర్యం దొరికేది ముఖ్యంగా లినక్స్ సి.ఎన్.సి.లోనే. యంత్రం ఆకృతిని బట్టి తగిన చలన గణిత భాగాన్ని దానిలో ఎంచుకోవచ్చు, లేదా సొంతంగా రాసుకోవచ్చు.

చెక్కే దారిని తయారుచేసే క్యామ్ సాఫ్టువేరు మరొక అవరోధం. ఐదు అక్షాల క్యామ్ ధర తరచుగా ఔత్సాహిక రూటరు ధరను మించిపోతుంది. ఆటోడెస్క్ సంస్థ ఫ్యూజన్ 360ని వ్యక్తిగత వాడకానికి ఉచితంగా ఇవ్వడంతో చాలామందికి దారి తెరుచుకుంది. కానీ 2020 అక్టోబరు నుండి ఉచిత అనుమతిలో నాలుగు, ఐదు అక్షాల సౌకర్యాన్ని తొలగించారు. ఆ ఆధారంతో యంత్రాలు కట్టుకున్నవారు చందా కట్టవలసి వచ్చింది. స్వేచ్ఛా సాఫ్టువేరైన ఫ్రీక్యాడ్‌లోని క్యామ్ భాగం ప్రధానంగా మూడు అక్షాల పనికి ఉద్దేశించినది. క్యామ్ ఇచ్చిన దారిని ఫలానా యంత్రానికి తగిన జి-కోడ్‌గా మార్చే పోస్టు ప్రాసెసరు కూడా అవసరం. కర్మాగారపు యంత్రాలకు అది తయారుగా దొరుకుతుంది. ఇంట్లో కట్టిన యంత్రం లోకంలో ఒక్కటే ఉంటుంది గనుక దాని పోస్టును యజమానే రాసుకోవాలి. ఎ అక్షం దిశ గుర్తు ఒక్కటి తారుమారైతే యంత్రం వస్తువు వైపు వాలడానికి బదులు ఎదురు దిశలో వాలుతుంది.

ఢీకొనడం, విద్యుత్తు, దుమ్ము

మూడు అక్షాల రూటరులో ఏది దేనికి తగులుతుందో కంటితో ఊహించవచ్చు. ఐదు అక్షాలలో స్పిండిలు ఒళ్ళు వస్తువుకు, బల్ల అంచు గ్యాంట్రీకి, తీగలు మోటారుకు తగలవచ్చు. నిమిషానికి 24,000 చుట్లు తిరిగే స్పిండిలు లోహపు చట్రాన్ని తాకితే పనిముట్టు విరిగి ముక్క ఎగిరివస్తుంది. కళ్ళద్దాలు, యంత్రం చుట్టూ మందపాటి పాలీకార్బనేటు తెర తప్పనిసరి. మొదటిసారి నడిపేటప్పుడు కలపకు బదులు మెత్తని ఫోమును చెక్కి చూడటం మంచి అలవాటు.

కరెంటు పోయినప్పుడు మూడు అక్షాల యంత్రంలో స్పిండిలును పైకెత్తి, సున్నాను మరల వెతుక్కొని పని సాగించవచ్చు. ఐదు అక్షాల యంత్రంలో ఆ క్షణాన పనిముట్టు వస్తువు కడుపులో ఏటవాలుగా దిగి ఉండవచ్చు. నేరుగా పైకెత్తితే చెక్కిన భాగం విరుగుతుంది. బెల్టుతో నడిచే వాలుడు తల అయితే మోటారు పట్టు వదిలిన వెంటనే తన బరువుకు తానే కిందికి వాలిపోతుంది. వార్మ్ గేరుకు వదులు ఉన్నా ఇటువంటి సమయంలో అదే రక్ష, ఎందుకంటే అది వెనక్కు తిరగదు. స్పిండిలు సంగతి ఎలా ఉన్నా, నియంత్రకానికీ మోటార్లకూ బ్యాటరీ ఆధారం ఉంటే యంత్రాన్ని క్రమంగా వెనక్కు తెచ్చుకోవచ్చు.

స్పిండిలు చుట్టూ కుచ్చు కట్టి దుమ్మును పీల్చే మామూలు ఏర్పాటు వాలే తలకు అమరదు. టేకు, ఎం.డి.ఎఫ్. దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. కలప దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ క్యాన్సరు కారకంగా వర్గీకరించింది. ముక్కుకు కండువా చుట్టుకోవడం దీనికి చాలదు.

ప్రత్యామ్నాయాలు

పై ఖర్చు, శ్రమ చూసిన తరువాత చాలామంది నాలుగవ అక్షంతోనే ఆగిపోతారు. మంచం కోళ్ళు, మెట్ల కటకటాల స్తంభాలు, గుండ్రని విగ్రహాలు దీనితో చేయవచ్చు. ధ్రువపు చిక్కు లేదు, గణితం తేలిక. బల్లను నిర్ణీత కోణాలలో చేతితో తిప్పి మేకు దించి బిగించే ఏర్పాటు ఇంకా చవక. వస్తువును బోర్లా తిప్పి రెండవ వైపు చెక్కే పద్ధతిలో రెండు గూటపు రంధ్రాలు కచ్చితంగా ఉంటే చాలు. బంతి మొన గల పనిముట్టు నిలువుగా ఉన్నప్పుడు దాని కొన మధ్యబిందువు వద్ద కోతవేగం సున్నా, అక్కడ అది కోయదు, రుద్దుతుంది. బల్లను 15 డిగ్రీల చీల మీద పెట్టినంత మాత్రాన ఈ లోపం తగ్గి, చదును భాగాలలో నునుపు పెరుగుతుంది.

వస్తువును విడగొట్టి అతికే కొండపల్లి పద్ధతి వీటన్నిటికన్నా పాతది. కోనసీమలోని కొత్తపేట విగ్రహ నిర్మాణానికి పేరుపొందిన ఊరు. అటువంటిచోట పెద్ద విగ్రహానికి నమూనా కావాలంటే ఫోమును పొరలు పొరలుగా మూడు అక్షాల రూటరు మీద కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి అతికి, అచ్చు తీయవచ్చు. పొరల మధ్య మెట్లను చేతితో సాపు చేయాలి.

ఎగుమతి నియంత్రణలు

ఐదు అక్షాల యంత్రాలు అంతర్జాతీయ నిఘాలో ఉన్న వస్తువులు. జపానుకు చెందిన తోషిబా మెషిన్ సంస్థ, నార్వేకు చెందిన కాంగ్స్‌బర్గ్ సంస్థ నియంత్రకాలతో కూడిన ప్రొపెల్లరు చెక్కుడు యంత్రాలను 1980లలో సోవియట్ యూనియనుకు అమ్మిన సంగతి 1987లో బయటపడింది. జలాంతర్గాముల చప్పుడు తగ్గడానికి అవి తోడ్పడ్డాయన్న ఆరోపణతో అమెరికాలో పెద్ద దుమారం రేగింది. ఏకకాలంలో ఐదు అక్షాలను నడిపే కచ్చితమైన మిల్లింగు యంత్రాలు నేటికీ వాసెనార్ ఒప్పందపు జాబితాలో ఉన్నాయి. భారతదేశం 2017 డిసెంబరులో ఆ ఒప్పందంలో చేరింది. దేశంలో ఇటువంటి వస్తువుల ఎగుమతిని స్కోమెట్ అనే జాబితా ద్వారా నియంత్రిస్తారు. ఈ జాబితాలు మైక్రోమీటర్లలో కచ్చితత్వాన్ని లెక్కిస్తాయి. ఇంట్లో కూర్చిన కలప రూటరు తప్పులు మిల్లీమీటరులో పదవ వంతుల లెక్కన ఉంటాయి కనుక అది ఆ పరిధికి చాలా దూరంలో ఉంటుంది.